లోపలివాళ్ళు

"పదిహేడో నంబరు వారు రెండో కిటికీ దగ్గరికి రండి" అని అక్క పిలిచింది. పిలిచింది అంటే నిజంగా పిలిచిందని కాదు. అక్క పైన నాలుగో అంతస్తులో, రెండు తలుపులు దాటితే గానీ చేరలేని గదిలో, తల ఎత్తే ఓపిక కూడా లేక పడుకుని ఉంది. పిలిచింది గోడమీది డబ్బా. పెళ్ళికి ముందు, గొంతు అరువిచ్చి బతికే రోజుల్లో, గోడలకి దూదిపరుపులు అంటించిన ఒక ఇరుకు రికార్డింగు గదిలో కూర్చుని అక్క అంకెలన్నీ, కిటికీలన్నీ, "దయచేసి వేచి ఉండండి"లన్నీ విడివిడిగా చదివి వచ్చింది. ఆ ముక్కల్ని ఎవరో అతికించుకుని లిఫ్టుల్లో, బ్యాంకుల్లో, బస్సుల్లో, ఇదిగో ఈ ఆసుపత్రి కింది అంతస్తులో రక్తం తీసే కౌంటరు ముందు కూడా పెట్టుకున్నారు. బెంచీలమీద కూర్చున్నవాళ్ళలో ఎవరికీ ఆ గొంతు ఎవరిదో తెలియదు. ముసలాయన ఒకాయన పిలుపు వినగానే చేతికర్ర వెతుక్కుంటూ లేచాడు, బళ్ళో హాజరు పిలిస్తే లేచినంత వినయంగా. తమ్ముడికి మాత్రం ఆ డబ్బా నోరు విప్పినప్పుడల్లా వెన్నులో సన్నగా చలి పాకుతోంది. ఆ గొంతు గల మనిషికి నిండా జుట్టుంది, బుగ్గలున్నాయి, రక్తం తన సొంతం. పైన పడుకున్న మనిషికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

రక్తం అతనిది. అందుకే ఇక్కడ కూర్చున్నాడు. అతని కుర్చీకి ఎదురుగా పాలరంగు అద్దం తలుపు ఒకటి ఉంది. దాని వెనకాల, నిన్న అక్క పేగుల్లోంచి చిదిపి తీసిన గోరంత కూడా లేని ముక్కల్ని మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, రంగులద్ది, గాజుపలకలమీద పరిచారు. వాటిని ఒకాయన చూస్తున్నాడు. అక్కకి వైద్యం చేసే డాక్టరమ్మ ఇందాక చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి, అతన్ని చూసి తలూపి, ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. కాగితం పైకి వచ్చేదాకా ఆగలేను, నేనే వెళ్ళి కళ్ళారా చూస్తాను అని పొద్దున అంది. కళ్ళారా అన్న మాట అతని చెవిలో అలాగే ఉండిపోయింది. ఇద్దరు డాక్టర్లు తలలు ఆనించుకుని అక్క పొట్టలోకి చూస్తున్నారు, అక్క అక్కడ లేకుండానే. అక్క పొట్ట ఒకచోట, అక్క ఒకచోట, అక్క గొంతు ఇంకోచోట. పద్దెనిమిదో నంబరు వారు ఒకటో కిటికీ దగ్గరికి రండి.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది, నాలుగైదు సార్లు చెప్పింది, విసుక్కోకుండా. అక్క రక్తానికి పట్టిన జబ్బుని మందులతో కడిగేసి, ఎముకల్లోపల ఖాళీ చేసి, ఆ ఖాళీలో ఇతని మూలకణాలు పోశారు. అవి అక్కడ కాపురం పెట్టి కొత్త రక్తం చేయడం మొదలెట్టాయి. అంతవరకూ అందరూ అనుకున్నట్టే జరిగింది. ఇప్పుడు పేగులు పాడవుతున్నాయి. ఎందుకు పాడవుతున్నాయన్నదే తేలాలి. కడుపులో ఏదైనా వైరస్ లేచి ఉండొచ్చు, ఒంట్లో కాపలా బలహీనంగా ఉన్నప్పుడు పాత వైరస్‌లు నిద్ర లేస్తాయి. మింగుతున్న మాత్రల్లో ఏదో ఒకటి పడకపోవచ్చు. లేదా, ఇక్కడికి వచ్చేసరికి డాక్టరమ్మ గొంతు కొంచెం తగ్గించేది, దాత కణాలు అక్క ఒంటిని పరాయిదనుకుని ఉండొచ్చు. దానికో పొడుగాటి పేరుంది, గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ జబ్బు. ఇంటికి పిలిచిన అతిథే ఇంటివాళ్ళమీద చెయ్యెత్తడం లాంటిది అంది. వైరస్ అయితే ఒక మందు, ఇదైతే దానికి సరిగ్గా ఎదురు మందు. అతిథిని అణచడానికి స్టెరాయిడ్ ఎక్కించామనుకోండి, అసలు దొంగ వైరస్ అయితే దానికి తలుపులు బార్లా తెరిచినట్టే. వైరస్ అనుకుని ఊరుకున్నామనుకోండి, అతిథి పేగులు ఒలిచేస్తాడు. అందుకే ముక్క కావాలి, గుడ్డిగా కొట్టలేను అంది. ఆమె దాత అన్న ప్రతిసారీ బావ నేల చూపులు చూసేవాడు. ఇతను గోడ చూసేవాడు. దాత అన్నవాడు ఎవడో ఇద్దరికీ తెలియనట్టు, వాడు గదిలో లేనట్టు.

తోక అనేది అక్క అతన్ని. నడక వచ్చిన దగ్గర్నుంచీ వెనకాలే తిరిగేవాడని. తోకా మంచినీళ్ళు తాగావా, తోకా నీ చెప్పులేవి. ఇప్పటికీ, నలభై దగ్గర పడుతున్నా, కట్టుడు పళ్ళు చేసే సొంత దుకాణం నడుపుతున్నా, ఫోనెత్తితే తోకే. సూదులు వేయించుకున్న ఆ రోజులు గుర్తొచ్చాయి. ఎముకల్లోని మూలకణాలు రక్తంలోకి దిగిరావాలంటే వరసగా సూదులు వేస్తారు. వేసినకొద్దీ నడుము ఎముకల్లో, రొమ్ము ఎముకలో ఎవరో లోపలినుంచి తలుపు బాదుతున్నట్టు ఉండేది. విప్పండి, విప్పండి, మేం వెళ్ళాలి. అలా అనిపించిందని ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఒక కుర్చీలో పడుకోబెట్టి, ఒక చేతిలోంచి రక్తం లాగి, యంత్రంలో తిప్పి, రెండో చేతిలోకి తిరిగి పంపారు. యంత్రం తనకి కావలసినవాళ్ళని పట్టుకుని మిగతావాళ్ళని వదిలేసింది. చివరికి ఒక చిన్న సంచీ నిండింది, పండిన టమాటా రసంలాంటి రంగు. ఇంతేనా అన్నాడు. ఇంతే అంది నర్సు, సంచీని రెండు చేతులా పట్టుకుని, పసిపిల్లని తీసుకెళ్ళినట్టు కారిడార్లో నడుచుకుంటూ. అతను దాని వెనకాల నడిచాడు. సంచీలో ఉన్నవాళ్ళు అక్క దగ్గరికి తనకంటే ముందు వెళ్తున్నారని, తనని వదిలేసి వెళ్తున్నారని ఒక పిచ్చి ఉక్రోషం కూడా వచ్చింది. అద్దం అవతల అక్క చెయ్యూపింది. సంచీ ఖాళీ అయ్యేసరికి ఆమె నిద్రపోయింది, పిడికిలి గడ్డం కింద పెట్టుకుని. అతను పడుకునేది అలాగే. అక్క ఎప్పుడూ వెల్లకిలా పడుకునేది, చేతులు బార్లా చాపి, మంచమంతా తనదే అన్నట్టు.

ఆ పిడికిలి సంగతి అతనొక్కడే గమనించాడు. గమనించకపోయి ఉంటే బాగుండేది. ఆ తర్వాత అన్నీ కనబడటం మొదలయ్యాయి. ఆమె మంచానికి కట్టిన చీటీమీద రక్తం గ్రూపు మార్చారు, ఎ కొట్టేసి ఓ రాశారు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక మనిషికి ఉన్న అక్షరం. పరీక్ష ఫలితం చేతిలో పట్టుకుని డాక్టరమ్మ సంబరంగా వచ్చింది. ఇప్పుడు ఈమె రక్తంలో ఉన్నవన్నీ మగకణాలే, పూర్తిగా మీరే అండీ, మేం కోరుకున్నది ఇదే అంది. బావ చప్పట్లు కొట్టాడు. అక్క దిండుమీంచి, అయితే ఇకనుంచి గడ్డం గీసుకోవాలా అని అడిగింది. అందరూ నవ్వారు, ఇతనూ నవ్వాడు. అక్క వేలికి ముల్లు గుచ్చుకుంటే బయటికొచ్చే చుక్క తనది. ఎవరైనా ఆ చుక్కని పట్టుకెళ్ళి ఇదెవరిదని అడిగితే, యంత్రం తన పేరే చెబుతుంది. తను ఇంట్లో అన్నం తింటూ ఉంటాడు, అదే సమయంలో అక్క గుండె తనని పట్టుకుని ఒళ్ళంతా తిప్పుతూ ఉంటుంది.

ఆపైన కల. ఒకరోజు ఫోనులో, తోకా, నాకు రాత్రి నోళ్ళు కలలోకి వచ్చాయిరా అంది. ఏం నోళ్ళు? తెల్లటి నోళ్ళు, అరలనిండా, పెదాల్లేవు, ఒట్టి చిగుళ్ళూ పళ్ళూ, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఒకటొకటిగా తెరుచుకుంటున్నాయి. అతను ఫోను చెవి మార్చుకున్నాడు. అవి అతని దుకాణం వెనక గదిలోని అచ్చులు. పళ్ళ డాక్టర్లు పంపే మనుషుల నోళ్ళని తెల్లటి ప్లాస్టరులో పోసి అరల్లో పెట్టుకుంటాడు. ఎవరి నోరో తెలియదు, నోళ్ళు మాత్రం తెలుసు. ఆ గదిలోకి అక్క ఎప్పుడూ రాలేదు, దుమ్ము పడదని గుమ్మం దగ్గరే నిలబడేది. ఎప్పుడో మాటల్లో చెప్పి ఉంటాడు. చెప్పే ఉంటాడు. అయితే పిలవడం, తెరుచుకోవడం, అది అతని కల. చాలా ఏళ్ళుగా వస్తున్న కల. దాన్ని భార్యకి కూడా చెప్పలేదు.

మొదట అరచేతులు ఎర్రబడ్డాయి, తర్వాత పాదాలు, చెవుల వెనకాల. డాక్టరమ్మ ఆ చేతుల్ని తిప్పి తిప్పి చూసి, కొంచెం ఉంటే మంచిదే అంది. కొత్త కణాలు కాస్త కోపంగా ఉంటేనే పాత జబ్బు ఎక్కడైనా నక్కి ఉంటే ఏరిపారేస్తాయి, మరీ సాధువులైతే మనకే నష్టం. ఆ మాటకి అతనికి రవ్వంత గర్వం వచ్చింది. నా కోపం పనికొస్తోంది. వారం తిరక్కుండా కడుపు చెడటం మొదలైంది. తిన్నది తిన్నట్టు పోయేది, తినకపోయినా పోయేది, నాచు రంగు నీళ్ళు, వాటిలో తెల్లటి పొరల ముక్కలు. మెలిపెట్టే నొప్పి. బావ భూములు కొలిచే సర్వేయరు. ఆయనకి కొలతే ధైర్యం. గీతలున్న ప్లాస్టిక్ కూజా పట్టుకుని, ఎంత పోయిందో కంటి ఎత్తులో పెట్టి చూసి, నర్సుకి చెప్పేవాడు. మొదట గ్లాసుల్లో చెప్పేవాడు, తర్వాత లీటర్లలో చెప్పడం మొదలెట్టాడు. ఒకరోజు కూజా కడిగి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, నీ రక్తం మరీ మొండిదిరా అబ్బాయ్ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అన్నాక ఆ నవ్వుని ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీ వైపు తిరిగిపోయాడు. అప్పట్నుంచి ఇద్దరూ ఒకే గదిలో ఉంటే మాటలు వెతుక్కోవలసి వస్తోంది. ఇరవై ఒకటో నంబరు వారు మూడో కిటికీ దగ్గరికి రండి. దయచేసి వేచి ఉండండి.

వేచి ఉన్నాడు. వేచి ఉండి, ఈ పది రోజులుగా చేస్తున్న పనే మళ్ళీ చేశాడు, తనని తాను తవ్వుకోవడం. నాకు అక్కమీద ఏముంది? కణాలకి మనసు ఉండదని అతనికి తెలుసు, చదువుకున్నవాడే. తెలిసినంత మాత్రాన తవ్వడం ఆగదు కదా. ఒకవేళ ఒంటికి గుర్తుండి మనిషికి గుర్తులేనిది ఏదైనా ఉందేమో. పళ్ళ సెట్టు తయారుచేసి ఇస్తాడు, అద్దంలా నునుపుగా ఉంటుంది, కంటికి ఏ లోపమూ దొరకదు. రెండు రోజులకి మనిషి చెంప పట్టుకుని వస్తాడు. నోట్లో చూస్తే ఒకేచోట పుండు. ఎక్కడో వెంట్రుకవాసి ఎత్తు ఉంది, అది ప్రతి నమలడంలో అక్కడే నొక్కుతోంది. ఆ ఎత్తు కోసం వేలికొనతో తడుముతాడు, కళ్ళు మూసుకుని. అలా తడిమాడు తన చిన్నతనాన్ని. అక్క కొట్టలేదు. అక్క పెట్టకుండా తినలేదు. చలిలో తన స్వెట్టరు విప్పి ఇతనికి తొడిగేది. ఇంకొంచెం తడిమాడు. దుకాణంలో ఏం కావాలో అక్కే చెప్పేది. అతనికి నోరు తిరిగేది కాదు, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, మెడ నరాలు ఉబ్బి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అతను తంటాలు పడుతుంటే అవతలివాళ్ళ ముఖాల్లో జాలి పుట్టేలోపే అక్క ఆ మాట అందుకుని పూర్తిచేసేసేది, ఆ చక్కటి, తేనెలాంటి, తడబాటు అన్నది ఎరగని గొంతుతో. వాడి పేరు ఫలానా అండీ. వాడికి రెండు పెన్సిళ్ళు కావాలండీ. వాడు ఇవాళ బడికి రాడండీ. ఎప్పుడూ తప్పు చెప్పలేదు. అతను అనబోయిందే అనేది, అచ్చంగా అదే. అతని మాట అతని నోట్లో పుట్టి ఆమె నోట్లోంచి బయటపడేది. వేలు అక్కడ ఆగింది. ఇదేనా? వెంట్రుకవాసి ఎత్తు ఇదేనా? అప్పుడు నేను ఆమె గొంతులో ఉన్నాను, ఇప్పుడు నేను ఆమె రక్తంలో ఉన్నాను, మళ్ళీ నా ప్రమేయం లేకుండానే, మళ్ళీ నాకు తెలియని మాటేదో చెబుతూ. అలా అనుకోగానే అతని కడుపులో పేగు ఒకటి నెమ్మదిగా మెలి తిరిగింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, అందుకే అనుకున్నాడు. పైన అక్కకి కూడా ఇదే క్షణంలో తిరిగిందేమో అని కూడా అనుకున్నాడు, అనుకోకూడదు అనుకుంటూనే.

నిన్న అక్కని గొట్టం పరీక్షకి తీసుకెళ్ళేముందు ఇంకో సంచీ ఎక్కించారు, ఎండుగడ్డి రంగుది. రక్తం గడ్డకట్టించే కణాలట, అవి తక్కువగా ఉంటే ముక్క తీసినచోట కారడం ఆగదట. అవి ఎవరివి అని అడిగితే ఎవరివో అంది నర్సు. ఇంకో మనిషి. లోపల ఇప్పుడు ఎంతమంది ఉన్నారో. ఆ గది బయట బావా ఇతనూ పక్కపక్కన నిలబడ్డారు. తలుపు సందులోంచి ఒక తెర కనబడింది, తెరమీద గులాబిరంగు సొరంగం, తడిగా మెరుస్తూ, ముడుచుకుంటూ విప్పుకుంటూ, దీపం పట్టుకుని ఎవరో దానిలో నడుస్తున్నట్టు. చాలా ప్రశాంతంగా ఉంది. ఏ గొడవా జరగనట్టు ఉంది. దీపం ఒక మలుపు తిరిగింది. అక్కడ గోడ పొర లేచిపోయి, తడి గోడమీంచి సున్నం పెచ్చులూడినట్టు పచ్చిగా ఉంది. ఎవరో తలుపు వేసేశారు. తర్వాత డాక్టరమ్మ వచ్చి, చాలాచోట్ల మామూలుగానే కనిపిస్తోంది, మామూలుగా కనిపించిన చోటునుంచి కూడా ముక్కలు తీయించాను, ఈ జబ్బు కళ్ళని మోసం చేస్తుంది అంది. అప్పుడు బావ అన్నాడు, తనలో తాను అన్నట్టే, మామూలుగా కనిపించినవాళ్ళనే కదా లోపలికి రానిచ్చాం అని. ఆయన అన్నది వైరస్‌ని గురించి కావచ్చు. అడగలేదు.

పాలరంగు తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ తల బయటపెట్టి, మీరొకసారి రండి అంది. అతని కాళ్ళు తనకంటే ముందు లేచాయి. లోపల చల్లగా ఉంది, ఘాటైన మందు వాసన, మైనం వాసన. గాజుపలకల పెట్టెలు గోడలనిండా, ఒక్కొక్క పలకమీద ఒక్కొక్కరి ముక్క. నోళ్ళ గది లాంటిదే ఇది కూడా అనుకున్నాడు, ఇక్కడ మనుషుల్ని ఇంకొంచెం లోపలికి కోశారు, అంతే. బల్లమీద రెండు తలల మైక్రోస్కోపు, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పలకని చూడటానికి. అవతల స్వెట్టరు వేసుకున్న పెద్దాయన, గాజుపలకలు చూసే డాక్టరు, కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని అతనికేసి చూశాడు. డాక్టరమ్మ ఇతనే దాత అని చెప్పింది. తేలిపోయిందండీ, వైరస్ కాదు, మీ కణాలే, ఇప్పుడే స్టెరాయిడ్ పెట్టమని పైకి ఫోను చేశాను అని కూడా చెప్పింది, ఒక్క ఊపిరిలో, తిప్పి తిప్పి చెప్పకుండా. అతను తలూపాడు. ఊహించిందే. పెద్దాయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నానండీ, ఈ కణాల్ని వేలసార్లు చూశాను, అవి బయల్దేరి వచ్చిన మనిషిని చూడటం ఇదే మొదలు అన్నాడు. ఆ చూపులో నింద లేదు. నింద ఉంటే తట్టుకునేవాడేమో. చాలాకాలంగా చేతిరాత మాత్రమే తెలిసిన మనిషి ఎదురైతే చూసినట్టు చూస్తున్నాడు.

"చూస్తారా?" అన్నాడు పెద్దాయన. "భయపడకండి. కొట్లాటలా ఉండదు."

కూర్చుని కళ్ళు ఆనించాడు. మొదట తన రెప్ప వెంట్రుకలే కనబడ్డాయి. తర్వాత ఒక్కసారిగా లోకం విప్పుకుంది, గులాబీ, ఊదా, ఎంత అందంగా ఉందో అని సిగ్గుపడేంత అందంగా. గుండ్రటి పూలు వరసగా పరిచినట్టు ఉన్నాయి. అవి పేగు గోడలోని గుంతలు, అడ్డంగా కోస్తే పూలలా కనిపిస్తాయి, కొత్త కణాలు పుట్టేది వాటి అడుగునే అని పెద్దాయన గొంతు ఎక్కడినుంచో చెబుతోంది. ఒక ఆకుపచ్చ చుక్క, ఆయన కదిలిస్తున్నది, పూల మధ్య ఈగలా తిరిగింది. ముందు గుడ్లగూబ కళ్ళ కోసం వెతికాను, ఈ వైరస్ పట్టిన కణం అచ్చం గుడ్లగూబ కన్నులా మనకేసి చూస్తుంది, మూల మూలలా వెతికాను, వేరే రంగులు వేసి కూడా చూశాను, ఒక్కటీ లేదు. ఇక్కడ చూడండి. చుక్క ఒక పువ్వు అడుగున ఆగింది. అక్కడ ఒక కణం ఉండాల్సినచోట ఖాళీ ఉంది, ఖాళీలో నలిగిన పొడి. పక్క పువ్వులోనూ అంతే. ఆ పక్కన పువ్వే లేదు, పువ్వు ఉండిన చోటు మాత్రం ఉంది. ఖాళీకి ఆనుకుని ఒక చిన్న నల్లటి గుండు. కదలకుండా, నింపాదిగా, పని అయిపోయినట్టు.

"ఇది మీరు" అన్నాడు పెద్దాయన. తనకి తెలిసినదాన్ని దాచుకోవడం చేతకానివాడిలా, "దీన్ని చంపడం అనరండీ. ఇది పక్కకొచ్చి నిలబడి, ఇక చాలు, వెళ్ళిపో అని చెబుతుంది. ఆ కణం మాట విని తనంతట తానే పోతుంది" అన్నాడు.

అతను కళ్ళు తీయలేదు. ఎంతసేపు చూశాడో తెలియదు. ఆ గుండుకి ముఖం లేదు, కోపం లేదు, దానిలో తనకి తెలిసినదేదీ లేదు. అందుకే భయం వేసింది. తన చిన్నతనమంతా తవ్వి పోశాడు కోపం దొరుకుతుందేమోనని. కోపం ఉంటే బతిమాలుకోవచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు. ఇది ఎవరినీ ద్వేషించడం లేదు. దీనికి అక్క అంటే ఎవరో తెలియదు. కొత్త ఊళ్ళో దిగిన కాపలావాడిలా, ఎదురుపడ్డ ప్రతి ముఖాన్నీ మెల్లగా పక్కకి పిలిచి, నువ్వు ఇక్కడి మనిషివి కాదు అంటోంది, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాళ్ళతో. డాక్టరమ్మ భుజంమీద చెయ్యి వేసింది. ఇందులో మీరు చేసింది ఏమీ లేదు అంది. అప్పుడు తెలిసింది అతనికి, ఈమె తనని ఇక్కడికి పిలిపించింది పలక చూపించడానికి కాదని, ఇది వినిపించడానికని.

పైకి మెట్లెక్కి వెళ్ళాడు. మొదటి తలుపు దగ్గర చేతులు కడుక్కుని, గౌను వేసుకుని, ముఖానికి మాస్కు కట్టుకున్నాడు. రెండు తలుపుల మధ్య బావ నిలబడి ఉన్నాడు, ఖాళీ చేతులతో. డాక్టరమ్మ ఫోను సంగతి ఆయనకి అప్పటికే తెలుసు. అతని గౌను వెనకాల ఊడిపోయిన ముడిని పట్టుకుని గట్టిగా, జాగ్రత్తగా, రెండుసార్లు కట్టాడు. నేనట్లా అని ఉండాల్సింది కాదురా అన్నాడు ఆ ముడితో మాట్లాడుతున్నట్టు. అతను వెనక్కి తిరక్కుండానే, పర్లేదు బావా అన్నాడు. తిరిగి ఉంటే ఇద్దరిలో ఎవరో ఒకరు ఏడ్చేవారు.

గదిలో నర్సు కొత్త సీసా వేలాడదీసి గొట్టం తగిలిస్తోంది. నీళ్ళలాంటి మందు, రంగూ లేదు, వాసనా లేదు. చుక్క తర్వాత చుక్క దిగడం మొదలైంది. ఆ చుక్కలు పనిచేస్తాయని, ఆ రోజు కాదు, మరునాడు కాదు, అందరూ ఆశ చంపుకుంటున్న సమయానికి కూజాలో గీత ఒక్కొక్క మెట్టూ దిగుతుందని, ఒక ఉదయం బావ అడుగంటిన కూజా పట్టుకుని కనబడ్డ నర్సుకల్లా చూపిస్తూ కారిడారంతా తిరుగుతాడని, అక్క ఉడికించిన బంగాళాదుంప రెండు చెంచాలు తిని అది కడుపులో నిలవడం కోసం ముగ్గురూ ఊపిరి బిగబట్టి కూర్చుంటారని అప్పటికి అక్కడెవరికీ తెలియదు. అప్పటికి ఉన్నదల్లా చుక్కలు. అక్క కళ్ళు తెరిచింది. కళ్ళొక్కటే పాతవి ఆ ముఖంలో.

"నువ్వేనట కదా" అంది. డబ్బాలోని గొంతుకీ దీనికీ పోలికే లేదు, ఇసుకలో నడుస్తున్నట్టుంది.

"నేనే."

"చూశావా? ఎలా ఉన్నాయిరా?"

"చిన్నగా. నల్లగా. గుండ్రంగా."

"నీలాగే" అంది. పెదాలు పగిలి నవ్వు సగంలో ఆగింది. నర్సు తడిదూది అద్దింది. కాసేపు చుక్కల్ని చూసి, ఇది వాళ్ళని చంపేస్తుందా అని అడిగింది. అణుస్తుందట, కొంతమంది పోతారట, అందరూ కాదట అని చెప్పాడు. నీకు తెలుస్తుందా మరి, నొప్పిగానీ ఏమైనా, అని అడిగింది. అడగడంలో వేళాకోళం లేదు. పేగులు ఒలిచిపోయిన మనిషి, ఒక గుటక నీళ్ళు మింగలేని మనిషి, అతని నొప్పి గురించి అడుగుతోంది. నాకేం తెలుస్తుందక్కా అన్నాడు. అంటూ కిందికి చూసుకుంటే అతని చెయ్యి అతని పొట్టమీద ఉంది, ఎప్పుడు వెళ్ళిందో.

అక్క అది చూసింది. చూసి కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకునే, మెల్లగా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ, రాత్రిళ్ళు వినిపిస్తార్రా అంది. నిద్ర పట్టీ పట్టనప్పుడు. లోపల గుసగుసగా, చాలామంది, ఏదో చెప్పుకుంటూ. నర్సుని అడిగితే పేగుల చప్పుడు అంటుంది. పేగుల చప్పుడు నాకు తెలియదా. మాటలు అర్థం కావు, గొంతు మాత్రం నీదే. చిన్నప్పటి నీ గొంతు. ప్రతి మాటా మొదట్లోనే ఆగిపోతూ ఉంటుంది. నేను అందిద్దామంటే ఏం చెప్పబోతున్నారో నాకు తెలియడం లేదు.

నర్సు చెయ్యి సీసా దగ్గరే ఆగిపోయింది.

"వాళ్ళకి నేనెవరో తెలియదురా" అంది అక్క. "ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు చెప్పు."

అతను నర్సుకేసి చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది, వెళ్ళిపోలేదు. అద్దం అవతల బావ నీడ ఉంది. మాస్కు లోపల ఊపిరి వేడిగా ముఖానికే తగులుతోంది. మోకాళ్ళమీద వంగి, దుప్పటి పైనుంచి, అక్క పొట్టకి చెవి ఆనించేంత దగ్గరగా తల పెట్టాడు. లోపల నిజంగానే చప్పుడుంది, ఎక్కడో మూసిన తలుపు వెనకాల జనం గుమిగూడినట్టు. నోరు తెరిచాడు. మొదటి అక్షరం నాలుకమీదే ఇరుక్కుంది. మెడ నరం బిగుసుకుంది. అక్క అందుకోలేదు. వేళ్ళు దుప్పటిని పట్టుకుని, పెదాలు బిగించి, ఆగింది. ఎంతసేపైనా ఆగేలా ఉంది.

"మ... మా అక్కరా" అన్నాడు.

లోపలి చప్పుడు ఆగింది. చుక్క పడటం కూడా వినబడేంత నిశ్శబ్దం. గదిలో ఉన్నవాళ్ళందరూ, లోపల ఉన్నవాళ్ళతో సహా, అతను ఇంకా ఏమంటాడో వినడానికి ఆగినట్టే ఉంది.